కళ్లు మసక, చెవులు స్పష్టం: లైకాకు బిగించిన ఒక జూపిటర్-8

రాజమండ్రి నుంచి వచ్చిన డ్రాయింగ్ మాస్టారు సంచిలోంచి ముందు కెమెరా తీయలేదు. బల్ల మీద ఆరు ఫోటోలు పరిచారు. అన్నీ గోదావరి రేవుల్లో పడవ నడిపేవాళ్ల ముఖాలు. దగ్గర నుంచి తీసి, ఇంట్లోనే కడిగి, తానే ప్రింటు వేసుకున్నవి.

"కళ్ల మీద ఫోకస్ పెట్టాను బాబూ. చెవులు ఎంత బాగా వచ్చాయో చూడు" అన్నారు.

నిజంగానే చెవులు బాగా వచ్చాయి. ఒక పెద్దాయన చెవిపోగు మీది గీతలు లెక్కపెట్టవచ్చు. కనురెప్పలు మాత్రం పొగమంచు వెనక ఉన్నట్టున్నాయి. ఆరింటిలోనూ అదే తీరు. ఒక ఫోటోలో చెయ్యి వణికిందని, ఇంకోదానిలో మనిషి కదిలాడని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆరు ఫోటోల్లో ఫోకస్ ఒకే వైపుకు, దాదాపు ఒకే దూరం వెనక్కి పడిందంటే అది మనిషి తప్పు కాదు, యంత్రంలో తప్పు.

కెమెరా లైకా 3ఎఫ్. 1950లో వచ్చి 1957 దాకా నడిచిన మోడల్, జర్మనీలోని వెట్జ్‌లార్‌లో చేసింది. లెన్స్ మాత్రం ఆ ఊరిది కాదు. మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో తయారైన జూపిటర్-8, 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. నంబరు 59తో మొదలవుతోంది. ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ ప్రకారం మొదటి రెండు అంకెలూ తయారైన సంవత్సరం కాబట్టి 1959 నాటిది. కెమెరాతో వచ్చిన ఎల్మార్ ఎఫ్ 3.5 లెన్స్ మాస్టారి దగ్గర ఉంది. సూర్యుడు దిగాక రేవులో ఆ లెన్స్‌కు వెలుతురు చాలడం లేదని దీన్ని కొన్నారట. లెక్క సబబే. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది, ఎఫ్ 3.5 కంటే ఎఫ్ 2 మూడు రెట్ల వెలుతురు ఇస్తుంది. మరలు చక్కగా కలిశాయి, లెన్స్ గట్టిగా బిగుసుకుంది. ఇంకేం కావాలని ఎవరైనా అనుకుంటారు.

ఈ కేసు రాయడానికి కారణం ఆ "ఇంకేం కావాలి" అన్న మాటే. మర కలిసినా మాట కలవని లెన్సులు, కెమెరాలు బాగుచేసే నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి.

మొదటి రోజు నేను చేసిన తప్పు

కెమెరా తిప్పి చూశాను. ఫిల్మ్ నడక బాగుంది, షట్టర్ తెర బాగుంది. దూరం చూసి ఫోకస్ కుదిర్చే రేంజ్‌ఫైండర్‌లో దూరపు సెల్ టవర్‌ను చూస్తే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఇన్ఫినిటీ దగ్గర, అంటే బాగా దూరపు వస్తువుల మీద, బాగుండి దగ్గరి దూరాల్లో తేడా వస్తోందంటే రేంజ్‌ఫైండర్ లోపలి చేతిలోనే ఏదో ఉందని తీర్మానించుకున్నాను. మీటరు దూరంలో అగ్గిపెట్టెలు వరసగా, ఒక్కోటి ముందుదానికి రెండు సెంటీమీటర్ల వెనకగా నిలబెట్టి, ఒక చిన్న రీలు తీసి కడిగాను. గురి పెట్టిన పెట్టె మసక. దానికి ఏడు సెంటీమీటర్ల వెనక, మూడో పెట్టెకూ నాలుగో పెట్టెకూ నడుమ, పదును.

అప్పుడు చేయకూడని పని చేశాను. మీటరు దగ్గర ఈ లెన్స్‌కు సరిపోయేలా రేంజ్‌ఫైండర్‌నే సర్దాను. పెట్టె స్పష్టంగా వచ్చింది. సంబరం గంటసేపు కూడా నిలవలేదు. సెల్ టవర్ రెండుగా కనిపించడం మొదలైంది. మాస్టారి ఎల్మార్ బిగించి తీస్తే ఈసారి ఫోకస్ ముందుకు పడింది. ఒక లెన్స్ కోసం కెమెరాకు అబద్ధం నేర్పితే, నిజం చెప్పే లెన్సులన్నీ ఇక తప్పు చెప్పినట్టే కనిపిస్తాయి. సర్దినదంతా మళ్లీ మొదటికి తెచ్చాను. ఆ సాయంత్రం వృథా.

కెమెరాను అనుమానించే ముందు వేరే లెన్స్‌తో పరీక్షించాలని పని నేర్చుకునే రోజుల్లోనే తెలుసు. అయితే అందుకు ఎల్మార్ పనికిరాదు. ఎఫ్ 3.5 దగ్గర, మీటరు దూరంలో అటూ ఇటూ మూడున్నర సెంటీమీటర్ల దాకా పొరపాటును ఆ లెన్స్ తన లోతులో, అంటే ఫోకస్‌కు ముందూ వెనకా బొమ్మ పదునుగానే అనిపించే మేరలో, కప్పిపెట్టేస్తుంది. కెమెరాలో చిన్న దోషం ఉంటే మనకు తెలియనివ్వదు. నా దగ్గర అదే మరకు చేసిన పాత కెనాన్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఉంది, జపాన్‌లో చేసింది. అది బిగించి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, అవే అగ్గిపెట్టెలు తీశాను. గురి పెట్టిన పెట్టె మీది బొమ్మలో సన్న గీతలు కూడా వచ్చాయి.

కెమెరా నిర్దోషి. ఇక లెన్స్ వంతు.

జూపిటర్‌ను అడాప్టర్‌తో ఒక మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకు తగిలించి, తెర మీద చూస్తూ ఫోకస్ చేశాను. ఎఫ్ 2 దగ్గర కొంచెం మెత్తదనం ఉన్నా పదును బాగానే ఉంది. గాజులో ఫంగస్ లేదు, కటకాలు వంకరగా కూర్చోలేదు. ఈ పరీక్షతో తెలిసేది ఇంతవరకే. మిర్రర్‌లెస్‌లో మనం సెన్సర్ మీద పడిన బొమ్మనే చూస్తూ తిప్పుతాం కాబట్టి లెన్స్ ఎక్కడ ఉన్నా సరే, బొమ్మ పదునెక్కగానే ఆపుతాం. ఈ లెన్సుల గురించి "నా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అనేవాళ్లలో చాలామంది వాటిని డిజిటల్ కెమెరాలకు తగిలించినవాళ్లే. వాళ్లు చెప్పేది నిజం. రేంజ్‌ఫైండర్ వాడేవాడికి అది అక్కరకు రాని నిజం.

కెమెరాకు చూపు లేదు, స్పర్శ మాత్రమే ఉంది

రేంజ్‌ఫైండర్ కెమెరా లెన్స్ లోంచి చూడదు. 3ఎఫ్ ముందు భాగంలో 39 మిల్లీమీటర్ల ఎడంతో రెండు చిన్న కిటికీలు ఉంటాయి. రెండింటి నుంచీ వచ్చే బొమ్మలు కలిసేదాకా మనం లెన్స్ తిప్పుతాం. ఆ తిప్పుడు లోపలికి చేరేదెలా? లెన్స్ బిగించే మౌంట్ లోపల, పైభాగాన, ఒక చేతి చివర చిన్న చక్రం ఉంటుంది. లెన్స్ వెనక అంచు దానికి ఆనుకుని ఉంటుంది. లెన్స్ తిప్పితే అంచు జరుగుతుంది, చక్రం జరుగుతుంది, లోపలి అద్దం తిరుగుతుంది. అంచు ఎంత జరిగిందన్నదొక్కటే కెమెరాకు తెలుసు. ముందున్నది ఏ లెన్స్, ఎవరు చేశారు, ఎన్ని మిల్లీమీటర్లది, ఏదీ దానికి తెలియదు.

1932లో లైకా 2తో ఈ ఏర్పాటు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1930లో, లైకాలో లెన్స్ విప్పి మార్చుకునే వీలు కలిగింది కానీ, అప్పుడు ఏ కెమెరాకు చేసిన లెన్సులు ఆ కెమెరాకే. ఫ్యాక్టరీలో జత కుదిర్చి, కెమెరా నంబరు చివరి అంకెలను లెన్స్ మీద చెక్కేవారు. మౌంట్ ముఖం నుంచి ఫిల్మ్ దాకా దూరాన్ని 28.8 మిల్లీమీటర్లుగా ఖాయం చేసింది 1931లో. అలా ఖాయం చేసిన కెమెరాల మౌంట్ మీద గుర్తుగా ఒక సున్నా చెక్కారు. నా దృష్టిలో ఆ సున్నాయే అసలు ఆవిష్కరణ. మర అప్పటికే ఉంది: 39 మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళానికి 26 చుట్లు. ఒక కాలు మెట్రిక్‌లో, ఇంకో కాలు అంగుళాల్లో పెట్టిన కొలత.

ఇప్పుడు అంచు సంగతి. లైకా తన 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు పెట్టుకున్న అసలు కొలత 51.6. అలాంటి లెన్స్ ఇన్ఫినిటీ నుంచి మీటరు దూరానికి రావాలంటే 2.81 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. (ఈ లెక్కలన్నీ దూరాన్ని లెన్స్ నుంచి కొలిచి వేసినవి. అర మిల్లీమీటరు పిచ్చి ఉన్నవాళ్లు క్షమించాలి.) కెమెరా లోపలి చెయ్యి అచ్చంగా ఈ 2.81కే తయారైంది. 50 లెన్స్‌లో కటకాలు ఎంత జరిగితే అంచు కూడా అంతే జరుగుతుంది, పేచీ లేదు. 35 మిల్లీమీటర్ల లెన్స్ అయితే? దానికి మీటరు దగ్గర ఫోకస్ కావడానికి 1.27 చాలు. అయినా దాని వెనక అంచు 2.81 జరగాల్సిందే. 90 లెన్స్ 8.9 మిల్లీమీటర్లు జరుగుతుంది, దాని అంచు మాత్రం 2.81 దాటకూడదు. అందుకే ఆ లెన్సుల లోపల కటకాలకు ఒక మర, అంచుకు వేరే మర ఉంటాయి. పొడవైనా పొట్టిదైనా ప్రతి లెన్స్ కెమెరా దగ్గరికి వచ్చేసరికి తనను తాను 51.6గా పరిచయం చేసుకోవాలి. మార్చుకునే లెన్స్ అన్న మాటకు పూర్తి అర్థం ఇది. మర కలవడం అందులో సగమే.

ఈ లెక్క తెలియక మోసపోయేది ఎక్కువగా సోవియట్ జెనిట్ కెమెరాల లెన్సులతో. పాత జెనిట్‌లకూ 39 మిల్లీమీటర్ల మరే. అవి అద్దం ఉన్న కెమెరాలు కావడంతో మౌంట్ నుంచి ఫిల్మ్‌కు 45.2 మిల్లీమీటర్లు. ఆ లెన్స్ లైకాకు బిగుసుకుంటుంది, చూడటానికి బాగుంటుంది కూడా. దేని మీదా ఫోకస్ కాదు, లోపలి చక్రాన్ని తాకదు.

52.4 ఎక్కడి నుంచి వచ్చింది

జూపిటర్-8 మూలం సోవియట్ దేశంలో లేదు. జర్మనీలో జైస్ సంస్థకు లుడ్విగ్ బెర్టేలే రూపొందించిన సొన్నార్ అది. మూడు గుంపుల్లో ఆరు కటకాలు. గాజుకూ గాలికీ మధ్య ఉపరితలాలు తక్కువ కాబట్టి, పూతలు లేని ఆ రోజుల్లో కూడా వెలుతురు చెదరకుండా మంచి కాంట్రాస్ట్ ఇచ్చేది. దాన్ని చేసింది లైకా కోసం కాదు, లైకాకు పోటీగా 1932లో డ్రెస్డెన్ నుంచి వచ్చిన కాంటాక్స్ కోసం. కాంటాక్స్‌లో ఏర్పాటే వేరు. 50 లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపే మర లెన్స్‌లో కాకుండా కెమెరాలోనే ఉంటుంది. ఆ మర 52.4 మిల్లీమీటర్ల లెక్కకు చేసినది. కెమెరాదీ లెన్స్‌దీ ఒకే లెక్క అయినప్పుడు 51.6 అయినా 52.4 అయినా ఒకటే.

యుద్ధం ముగిశాక, నష్టపరిహారం కింద కాంటాక్స్ యంత్రసామగ్రి సోవియట్ యూనియన్‌కు వెళ్లింది. 1947 నుంచి కీవ్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీలో అదే కెమెరా కీవ్ పేరుతో వచ్చింది. సొన్నార్ కొన్నాళ్లు జెడ్‌కె అన్న గుర్తుతో వచ్చి, తర్వాత జూపిటర్ అయింది. మొదట్లో వాడింది జర్మన్ గాజే. ఇంకోవైపు క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుంచి జోర్కీ కెమెరాలు చేస్తున్నారు. అవి లైకా నమూనాలో చేసినవి, 39 మరవి. వాటికీ మంచి లెన్స్ కావాలి. చేతిలో ఉన్న మంచి లెన్స్ సొన్నార్. దాన్ని 39 మర గొట్టంలో కూర్చోబెట్టారు. ఆ గొట్టంలో అంచూ కటకాలూ ఒకే మర మీద కలిసి జరుగుతాయి, ఒకటికి ఒకటి. కటకాలు మాత్రం 52.4వే.

వాళ్ల కెమెరా, వాళ్ల లెన్స్, వాళ్ల ఇష్టం. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ లెన్స్ తెచ్చి లైకాకు బిగించింది మనం.

తేడా 0.8 మిల్లీమీటరే. కానీ మీటరు దగ్గర 52.4 లెన్స్‌కు 2.90 కావాలి, లైకా 2.81 దగ్గరే "చాలు, బొమ్మలు కలిశాయి" అంటుంది. 0.09 మిల్లీమీటరు తక్కువైంది. దాని ఫలితంగా ఫోకస్ మూడు సెంటీమీటర్లు వెనక్కి పడుతుంది. ఎఫ్ 2 దగ్గర ఆ దూరంలో మనకున్న లోతు అటు రెండు, ఇటు రెండు సెంటీమీటర్లు. మూడు అందులో ఇమడదు.

జపాన్‌లో కూడా ఇదే పితలాటకం, అటునుంచి ఇటు. 1948లో వచ్చిన నికాన్, కాంటాక్స్ తరహా బయొనెట్‌ను (మర లేకుండా లెన్స్ తగిలించే ఏర్పాటు) పెట్టుకుంది కానీ, లోపలి మరను లైకా లెక్క 51.6కు కోసింది. 35, అంతకంటే వెడల్పు లెన్సులను రెండింటి మధ్య మార్చుకుంటే వాటి లోతులో తేడా మునిగిపోతుంది. 85, 135 దగ్గర బయటపడుతుంది. అందుకే కాంటాక్స్ వాళ్లకు వేరుగా చేసిన నిక్కోర్ (నికాన్ వాళ్ల) లెన్సుల మీద సి అన్న అక్షరం చెక్కేవారు. పాత సామాను కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోకపోతే డబ్బు పోయినట్టే. ఆ నిక్కోర్లే లైకా మరలోనూ వచ్చేవి. 1950లో కొరియా యుద్ధాన్ని తీసిన డేవిడ్ డగ్లస్ డంకన్ తన లైకాలకు వాటిని బిగించుకుని వెళ్లాక, జపాన్ లెన్సుల వైపు ప్రపంచం చూపు మళ్లింది. ఆ లెన్సులు లైకాతో లైకా భాషలోనే మాట్లాడాయి.

మూడు పోను ఇంకా నాలుగు

మాస్టారి ఫోటోల్లో తేడా మూడు సెంటీమీటర్లు కాదు, ఏడు. 52.4 లెక్క మూడింటికే జవాబు చెబుతుంది. ఈ రకం లెన్స్ బల్ల మీదికి రాగానే "ఆ, 52.4 గొడవే" అని చాలామంది చేతులు దులిపేసుకుంటారు. తెలిసిన జబ్బు ఒకటి దొరికితే తెలియని జబ్బును వెతకడం ఆపేస్తాం.

3ఎఫ్‌కు వెనక తలుపు ఉండదు, ఫిల్మ్ అడుగు నుంచి ఎక్కించాలి. కాబట్టి ఫిల్మ్ స్థానంలో గరుకు గాజు పెట్టి చూడటం కుదరదు. ఈ పనికి నా దగ్గర ఒక చచ్చిన జోర్కీ-4 ఉంది. షట్టర్ తీసేశాను, దాని వెనక భాగం మొత్తం ఊడివస్తుంది. మౌంట్ కింద వాషర్లు వేసి 28.80కి సర్ది పెట్టుకున్నాను. నా కొలబల్ల అదే. దాని ఫిల్మ్ స్థానంలో గుండుసూదితో గుణకారం గుర్తు గీసిన ఫిల్మ్ ముక్క పెట్టి, వెనక నుంచి దీపం వేసి, ముందు నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న ఎస్ఎల్ఆర్‌ను (లెన్స్ లోంచే చూసే, అద్దం ఉన్న కెమెరాను) ఇన్ఫినిటీలో పెట్టి చూస్తాను. జోర్కీకి బిగించిన లెన్స్ నిజంగా ఇన్ఫినిటీలో ఉంటే ఆ గుర్తు ఎస్ఎల్ఆర్‌లో పదునుగా కనిపిస్తుంది. ఫోకస్ సరిచూసే ఖరీదైన కొలిమేటర్ లేనివాళ్ల ఉపాయం ఇది. లక్షల పరికరం చేసే పనిలో నూటికి తొంభై పాళ్లు చేస్తుంది.

జూపిటర్‌ను ఇన్ఫినిటీకి ఆనించి చూస్తే గుర్తు మసకగా ఉంది. కొంచెం ముందుకు తిప్పితే పదునెక్కింది. వెనక అంచుకు డయల్ గేజ్ ఆనించి ఆ కొంచెం ఎంతో కొలిచాను. 0.11 మిల్లీమీటరు. అంటే కటకాలు ఉండాల్సిన చోటు కంటే ఫిల్మ్ వైపు 0.11 లోపలికి కూర్చున్నాయి. లెన్స్ ఇన్ఫినిటీ దగ్గర ఆగకుండా దాన్ని దాటిపోతోందన్నమాట.

మాస్టారికి ఫోన్ చేసి అడిగాను. "దూరపు ఫోటోలు ఎలా వస్తున్నాయి?"

"అవి బాగానే ఉన్నాయి బాబూ, వంతెన స్తంభాలు ఒక్కోటీ విడివిడిగా కనిపిస్తున్నాయి."

"ఏ వేళప్పుడు తీశారు?"

"మిట్టమధ్యాహ్నం. ఎఫ్ 8లో."

అదీ సంగతి. 0.11 తేడా ఎఫ్ 8 దగ్గర ఫిల్మ్ మీద 0.014 మిల్లీమీటర్ల చుక్కగా మిగులుతుంది, కంటికి ఆనదు. అదే ఎఫ్ 2 దగ్గర 0.055 అవుతుంది. ఎండ ఆ దోషాన్ని ఇన్నాళ్లూ దాచింది. సాయంత్రం రేవులో అది బయటికి వచ్చింది.

లెన్స్ విప్పాను. జూపిటర్-8లో కటకాల గుండు మొత్తం ఒకే ముక్కగా ఫోకస్ గొట్టంలోంచి మర తిప్పితే బయటికి వస్తుంది. గుండుకూ గొట్టానికీ మధ్య పల్చటి వాషర్ ఉండాలి. ప్రతి లెన్స్‌కూ ఫ్యాక్టరీలో కొలిచి వేసే వాషర్ అది, ఒక లెన్స్‌ది ఇంకో లెన్స్‌కు పనికిరాదు. ఇక్కడ ఆ వాషర్ లేదు. అది కూర్చున్న చోట అల్యూమినియం మీద గుండ్రటి మెరుపు గీత మాత్రం ఉంది. మరమేకుల తలలు చెదిరి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో శుభ్రం చేయడానికి విప్పి, తిరిగి బిగించేటప్పుడు దాన్ని వేయలేదు. బహుశా బల్ల మీది గుడ్డతో పాటే తుడిచి పారేసి ఉంటారు. కాగితమంత పల్చన, మనిషి వెంట్రుక కంటే కొంచెమే ఎక్కువ మందం ఉన్న ముక్కను గుర్తుపట్టి భద్రం చేయాలంటే అది ఏమిటో ముందు తెలియాలి కదా.

0.11కు నాలుగు సెంటీమీటర్లు, 52.4కు మూడు. ఏడూ లెక్కకు వచ్చాయి.

ఎంత మందం వేయాలి

పోయిన వాషర్‌కు బదులు 0.11 వేస్తే ఇన్ఫినిటీ సరిపోతుంది, మీటరు దగ్గర మూడు సెంటీమీటర్ల తేడా అలాగే ఉంటుంది. మొత్తం 0.20 వేస్తే మీటరు దగ్గర అచ్చంగా కుదురుతుంది. అప్పుడు ఇన్ఫినిటీ గుర్తు దగ్గర లెన్స్ నిజానికి ముప్ఫై మీటర్ల మీద ఉంటుంది. రెండూ కావాలంటే వాషర్‌తో కుదరదు. అంచు ఒకటికి ఒకటిగా జరిగే గొట్టంలో, వేరే పొడవున్న కటకాలకు రెండు చివరలా న్యాయం జరగదు.

వేరే దారులు లేకపోలేదు. వెనక కటకాల గుంపును కొద్దిగా జరిపి లెన్స్ అసలు పొడవునే 51.6 వైపు దించేవాళ్లున్నారు. సాధ్యమే, చేయి తిరిగినవాళ్లు చేస్తారు. సొన్నార్‌లో ఆ ఎడం మారితే బొమ్మ స్వభావం కూడా మారుతుంది. మాస్టారికి నచ్చిందే ఆ స్వభావం కాబట్టి దాని జోలికి పోలేదు. వెనక అంచును ఆకురాయితో అరగదీసేవాళ్లను కూడా చూశాను. వేసిన వాషర్‌ను తీయవచ్చు. అరగదీసిన లోహాన్ని ఎవరు అతుకుతారు?

అందుకని మాస్టారినే అడిగాను, ఎఫ్ 2లో ఎంత దూరం నుంచి తీస్తారని. ఆయన ఫోన్‌లో కాసేపు ఆలోచించి, "నా చెయ్యి చాచితే పడవ అంచు అందుతుంది. అతను పడవలో కూర్చుంటాడు" అన్నారు. డ్రాయింగ్ మాస్టారి కొలత. నేను దాన్ని 1.2 మీటర్లుగా రాసుకున్నాను.

ఇత్తడి షిమ్ రేకులు మోటారు సామాన్ల కొట్టులో దొరుకుతాయి. 0.10, 0.05 రెండేసి, 0.03 ఒకటి తెచ్చి, గొట్టం కొలతకు వలయాలుగా కోసి, అంచుల చెత్త పోయేలా రాయి మీద రుద్దాను. కోసిన అంచు ఏమాత్రం లేచి ఉన్నా అదే 0.02 తేడా తెస్తుంది, ఈ పనిలో ఎక్కువ సమయం పట్టింది అక్కడే. మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలిచాను.

మొదట 0.15. మీటరు దగ్గర ఫోకస్ ఒకటిన్నర సెంటీమీటరు వెనక్కి. బాగుపడింది, చాలదు. తర్వాత 0.20. మీటరు దగ్గర గురి పెట్టిన అగ్గిపెట్టే పదును. కొలబల్ల మీద కూడా సరిచూశాను: ఇన్ఫినిటీలో గుర్తు పదునెక్కే చోటు నుంచి మీటరు దగ్గర పదునెక్కే చోటుకు అంచు జరిగింది 2.90. అంటే ఈ లెన్స్ పొడవు 52.4 అన్న నమ్మకం కాగితం మీదిది కాకుండా నా గేజ్ మీదిది అయింది. కానీ 0.20తో రాత్రి వీధి దీపాలు మరీ ఉబ్బిపోయాయి, 1.2 మీటర్ల దగ్గర ఫోకస్ ముప్పావు సెంటీమీటరు ముందుకు వచ్చింది. చివరికి 0.10, 0.05, 0.03 మూడూ కలిపి 0.18 దగ్గర ఆగాను. 1.2 దగ్గర కచ్చితంగా ఉంది. మీటరు దగ్గర అర సెంటీమీటరు కంటే కొంచెం ఎక్కువ వెనక్కి, అంటే లోతులోనే. ఇన్ఫినిటీ దగ్గర ఎఫ్ 2లో కొద్దిగా మెత్తదనం, ఎఫ్ 2.8 నుంచి ఆ బాధ లేదు.

ఇంకాస్త తగ్గించి 1.5 మీటర్లకు కుదిర్చే వాడినే, ఎఫ్ 2లో ఇన్ఫినిటీ కూడా దాదాపు దక్కేది. సొన్నార్ జాతికి ఉన్న ఒక గుణం అడ్డుపడింది. అపర్చర్ మూసేకొద్దీ ఈ లెన్సుల్లో ఫోకస్ కొద్దిగా వెనక్కి జరుగుతుంది. ఎఫ్ 2లో అంచున నిలబెట్టిన ఫోకస్ ఎఫ్ 2.8కు వెళ్లేసరికి జారిపోతుంది. వెనక్కి జారే గుణం ఉన్నదానికి వెనక చోటు వదలాలి.

గ్రీజు కూడా మార్చాను. పాతది గట్టిపడి తేనెపాకంలా ఉంది. మన ఎండలకు పల్చటి గ్రీజు వేస్తే మే నెల తిరిగేసరికి అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, కాబట్టి కొంచెం బిగువుగా తిరిగినా చిక్కటిదే వేశాను. లోపలి వాషర్ల మందం, తేదీ, ఏ దూరానికి కుదిర్చానో ఒక చీటీ మీద రాసి లెన్స్ డబ్బాలో పెట్టాను. రేపు ఇంకెవరైనా విప్పితే ఆ మూడు ఇత్తడి వలయాలు ఏమిటో తెలియాలి.

ఇచ్చేటప్పుడు మాస్టారికి రెండు మాటలు చెప్పాను. ఈ లెన్స్ ఇప్పుడు ఈ కెమెరాకు, ఆయన చేతి దూరానికి కుదిర్చినది. వేరేవాళ్లకు ఇస్తే చీటీతో సహా ఇవ్వాలి. రెండోది, ఎఫ్ 2లో దూరపు దీపాలు తీయవద్దు, కనీసం ఎఫ్ 2.8కు మూయాలి.

నెల తర్వాత కవరులో ఎనిమిది ప్రింట్లు వచ్చాయి. ఏడింటిలో పడవవాళ్లు. చెవిపోగు పెద్దాయన మళ్లీ ఉన్నాడు. ఈసారి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, చెవిపోగు మెత్తగా వెనక్కి కరిగిపోయింది. ఎనిమిదోది రాత్రి వంతెన. దీపాలన్నీ ఉబ్బి, నీళ్ల మీద చిన్న చిన్న చందమామల్లా ఉన్నాయి. వెనక పెన్సిల్‌తో రాసి ఉంది: "ఎఫ్ 2. నువ్వు వద్దన్నావు. ఇదే ఫ్రేము కట్టించాను."